నాపరాళ్ళ మీద జపాను అక్షరాలు

ఎస్తేరు రాణి గారు పోయారన్న కబురు ఫోనులో వచ్చినప్పుడు నేను వంటింట్లో ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో నిఘంటువు పట్టుకుని ఒక జపాను మాటకు అర్థం వెతుకుతున్నాను. ఆ మాట ఆమె కోసమే. సాయంత్రం ఆసుపత్రికి పోయి ఆమెకు చెప్పాలి. ఆమె తమ్ముడు దేవదానం "లక్ష్మక్కా, అక్క పోయింది" అన్నాడు. నేను "యాడికి?" అన్నాను. ఉద్యోగమంతా పిల్లలకు తెలుగు చెప్పిన దాన్ని, ఆ ఒక్క తెలుగు మాట నాకు అర్థం కాలేదు. అతను ఏడుపు దిగమింగుకుని మళ్ళీ చెప్పాడు. పప్పు మాడిన వాసన ఇల్లంతా కమ్ముకునేదాకా నేను అక్కడే నిలబడి ఉన్నాను.

అక్షరమే ఆరాధ్యదైవంగా, అధ్యాపనమే జీవితవ్రతంగా సాగిన ఒక నిండు జీవితం నిశ్శబ్దంగా పరిసమాప్తమైంది. ఈ వాక్యం చూస్తే ఆమె ఏమనేదో నాకు తెలుసు. "అక్షరం అక్షరమే, దేవుడు దేవుడే మే లచ్చిమీ. రెండూ కలపొద్దు. చచ్చిపోయిందని రాయి, అందరికీ అర్థమవుతాది" అనేది. అయినా రాస్తాను. నన్ను ఆపడానికి ఇప్పుడు ఆమె లేదు గదా. ఆ లేకపోవడమే నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

గారు అని ఒకసారి రాశాను, మర్యాద తీరింది. ఇకమీదట ఆమె నాకు ఎస్తేరక్కే. నంద్యాలలో బాలికల ఉన్నత పాఠశాలలో ఆమె సోషల్ టీచరు, నేను తెలుగు పండిట్‌ను. స్టాఫ్‌రూములో పక్కపక్క కుర్చీలు మావి. పొట్టి మనిషి, నూలు చీర, భుజాన నల్లసంచి, గొంతు మాత్రం చర్చి గంట. పిల్లలు పాఠం చదువుతూ గొణిగితే ఆమెకు ఒళ్ళు మండేది. "గట్టిగా చదువు పాపా! చివరి బెంచీకి వినపడాల!" అని బల్ల మీద డస్టరుతో కొట్టేది. ఆ మాట ఈ ఊళ్ళో ఎన్ని చెవుల్లో నిలిచిపోయిందో. బ్యాంకులో వరుసలో నిలబడినా, రైతుబజారులో వంకాయలు ఏరుతున్నా, ఎవరో ఒక ఇల్లాలు దగ్గరికొచ్చి "చివరి బెంచీకి వినపడాల, టీచరమ్మా" అని నవ్వేది. నమస్కారం బదులు అదే.

ఇదంతా ఊరికి తెలిసిన ఎస్తేరక్క. ఊరికి తెలియని ఎస్తేరక్క ఒకరున్నారు. రిటైరయ్యాక, కళ్ళకు శుక్లాల ఆపరేషన్ అయ్యాక, తనకు తానే ఒకటో తరగతిలో కూర్చుని, గురువన్నవాడు లేకుండా జపాను భాష చదవడం నేర్చుకున్న మనిషి. ఆ చదువులో ఆమెకు తోటి విద్యార్థినిగా ఉండే భాగ్యం నాది. ఆమెతో పోట్లాడే భాగ్యం కూడా నాదే. ఆ కథ చెప్పకుండా ఆమెకు నివాళి రాస్తే అది సగం నివాళి.

ముందు ఆమె పరీక్షల ముచ్చట ఒకటి చెప్పాలి. ప్రశ్నపత్రాల కట్టకు సీలు ఉంటుంది కదా, గంట కొట్టేదాకా ఆ సీలు మీద ఈగ వాలినా ఒప్పుకునేది కాదు. ఒకసారి ఊళ్ళో పలుకుబడి గల పెద్దమనిషి ఒకాయన, కూతురు పరీక్ష రాస్తోందని వచ్చి, కొంచెం ముందుగా కట్ట విప్పితే ఏం పోతుందమ్మా అని నవ్వుతూ అడిగాడు. ఎస్తేరక్క కూడా నవ్వుతూనే కుర్చీ చూపించింది, మంచినీళ్ళు ఇచ్చింది. "మీ పాప తెలివైంది సార్. పేపరు ముందే చూపిస్తే ఆ తెలివిని మనమే దొంగిలించినట్లు గదా" అంది. ఆయన నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఆ పాప చక్కగా పాసయింది. ఈ పట్టుదలే తరువాత నా ప్రాణం తీసింది. ఆ సంగతికి వస్తాను.

ఎస్తేరక్కకు మొదటి ఉద్యోగం ఆళ్ళగడ్డలో. అక్కడ శిల్పి నాగలింగాచారి ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదట. నంద్యాలకు బదిలీ అయినా ఆ ఇంటితో రాకపోకలు తెగలేదు. రిటైరయ్యాక నెలకొకసారి నన్ను కూడా వెంటబెట్టుకుని పోయేది. బస్సు శిరివెళ్ళ దాటాక కిటికీలో నల్లమల నీలంగా కదులుతుంటే ఆమె అటు తిరిగి కూర్చునేది. వరిమళ్ళ మీద పొగమంచు, ఆ మంచులో నడుములోతు మునిగిన మనుషులు, వాళ్ళ వెనక కొండలు. చూస్తూ చూస్తూ కళ్ళు మూసుకునేది. నిద్రపోయిందేమో అనుకుంటే "కొండ ఇంకా ఉండాదా మే?" అని అడిగేది. ఉందని చెబితే తృప్తిగా తల ఊపేది.

ఆళ్ళగడ్డలో దిగగానే ఉలి చప్పుళ్ళు. నాగలింగాచారి ఇంటి ముందు ఎప్పుడూ సగం చెక్కిన దేవుళ్ళు, ముక్కు ఇంకా రాని నాయకులు నిలబడి ఉంటారు. జీవితమంతా ఆ చప్పుడులో గడపడం వల్ల ఆయనకు చెవులు బాగా మందగించాయి. ఆయనతో మాట్లాడాలంటే ఎస్తేరక్క గొంతే సరి. ఒకరోజు ఆయన అటక మీంచి ఒక గుడ్డమూట దించాడు.

"టీచరమ్మా, ఎప్పుడో జపాను వాళ్ళు బుద్ధుని బొమ్మ చూడను వచ్చిన్యారు. వాళ్ళ పాప ఈ పుస్తకం ఈడ మర్చిపోయి పాయ. మల్లా వస్తారేమోనని మూట కట్టి పెట్టినా. ఎవరూ రాల్యా. నీకన్నా పనికొస్తాదేమో చూడు."

"నువ్వు విప్పి చూసినావా అన్నా?"

"మనది గానిది ఎట్ల విప్పేది?"

ఆ జవాబుకు ఎస్తేరక్క ముఖం వెలిగిపోయింది. సీలు విలువ తెలిసిన మనిషి ఇంకొకరు దొరికారు గదా. మూట విప్పితే చిన్నపిల్లల బొమ్మల కథ. అట్ట మీద మంచు, ఆ మంచులో మన ఎర్రబస్సు లాంటి పాత బస్సు ఒకటి. లోపల ఒక్క అక్షరం మాకు తెలియదు. ఆమె రెండు పేజీలు తిప్పి, మూసి, ఒళ్ళో పెట్టుకుని, తిరుగు ప్రయాణమంతా దాని మీద చెయ్యి తీయలేదు.

బస్సులో నేను తెలివితేటలు ప్రదర్శించాను. "ఫోన్‌తో ఫోటో తీస్తే చాలక్కా, క్షణంలో తెలుగులో చెప్తుంది" అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపు, పరీక్ష హాల్లో చీటీ దొరికిన పిల్ల వైపు చూసే చూపు. "నా పరీక్ష ఆ ఫోన్ రాస్తాదా? డిబార్ చేస్తా మే నిన్ను" అంది. కాసేపటికి శాంతించి రూలు పెట్టింది. "డిక్షనరీ చూడొచ్చు. గైడు చూడగూడదు." ఆ రూలు చివరిదాకా మారలేదు. నిఘంటువు పోస్టులో తెప్పించాం, జపాను మాటకు ఇంగ్లీషు అర్థం ఇచ్చేది, ఇటుకరాయంత బరువు.

అసలు ఈ వయసులో ఎందుకక్కా అని నేను కొంచెం విసుగ్గానే అడిగాను. ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కుని, టీ పెట్టి, అప్పుడు చెప్పింది. వాళ్ళమ్మ కూలిపని చేసిన మనిషి, అక్షరం రాదు. ఆదివారం చర్చిలో అందరితోపాటు పాటల పుస్తకం తెరిచి పట్టుకునేది. పాటలు కంఠతా వచ్చు గనుక నోరు కదిలేది. కళ్ళు మాత్రం అక్షరాల మీద ఊరికే తిరుగుతుండేవి.

"చిన్నప్పుడొకసారి, ఏం చూస్తాండావమ్మా అని అడిగితి. 'బాగుండాయి పాపా, చీమలు బారులు తీరినట్ల' అన్య. అప్పుడు నాకు నవ్వొచ్చె. ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తాది. నాకు చదువైతే వచ్చింది మే, మా యమ్మ చూసింది మాత్రం నేను ఎన్నడూ చూడలేకపోయినా. తెలుగు కనపడితే చదివేస్తా. ఇంగ్లీషు కనపడితే చదివేస్తా. ఈ పుస్తకం తెరిచినాక, మొదటిసారి మా యమ్మ కండ్లతో చూసినట్లుండాది."

"అట్లయితే నేర్చుకోవద్దు, అట్లే చూస్తా కూచో" అన్నాను.

"మా యమ్మకు నేర్చుకోవాలని ఉండె. నేర్పేవాళ్ళు ల్యాకపోయిరి. ఆ దోవ కూడా నడిచి చూడాల గదా."

ఇక నేనూ ఆమె పక్కన చేరి ఒకటో తరగతిలో కూర్చున్నాను.

ఆమె చదువు సాగిన తీరు చూసి తీరాల్సింది. జిరాక్స్ అంగట్లో అక్షరాల పట్టిక పెద్దగా అచ్చు తీయించి, వంటింటి గోడకు, చర్చి క్యాలెండరు పక్కన అంటించింది. తరువాత ఇంటి మీద పడింది. ఆమె ఇల్లంతా నాపరాళ్ళు. ఒక్కో రాయి మీద సుద్దముక్కతో ఒక్కో అక్షరం రాసింది, గడప దగ్గరనుంచి పెరటి తలుపు దాకా. అక్షరం పేరు గట్టిగా పలకనిదే ఆ రాయి మీద కాలు పెట్టకూడదు, అదీ రూలు. తెలియకపోతే ఆగి, గోడ మీద పట్టిక చూసి, అప్పుడు అడుగు వేయాలి. మొదట్లో గడప నుంచి వంటింటికి చేరేసరికి ఆమె పెట్టిన టీ చల్లారిపోయేది. గ్యాస్ బండ తెచ్చిన మనిషి భుజాన బండతో గడపలో నిలబడిపోయి "ఏందమ్మా ఇది, ముగ్గా?" అన్నాడు. "ముగ్గు గాదు నాయనా, ఒకటో తరగతి" అంది ఎస్తేరక్క. పాపం అతను గోడవారగా నడిచిపోయాడు. కొన్నాళ్ళకు అతనే "క" అని ఒక రాయి, "న" అని ఒక రాయి ఎక్కి దిగుతుంటే ఆమె ఆనందం చూడాలి.

మధ్యాహ్నం పూట ఆ ఇంట్లో కూర్చోవడం నాకు ఇప్పటికీ కలలా ఉంటుంది. కిటికీ ఎండ నేల మీద మెల్లగా జరుగుతూ ఒక్కో అక్షరాన్ని వెలిగించి ముందుకు పోయేది. తెలిసిన అక్షరం వెలిగితే దాని పేరు మా పెదవుల మీదికి దానంతట అదే వచ్చేది. తెలియనిది వెలిగితే ఇద్దరం ఊరికే చూస్తుండేవాళ్ళం. పెరట్లో పంపు బొట్టుబొట్టుగా కారేది. ఎస్తేరక్క తలుపుకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, "ఇంత నిమ్మళంగా నేను బళ్ళో చదువుకున్న రోజుల్లో కూడా ల్యా మే" అనేది.

తప్పులా? బోలెడు. మేము తెలుగు చదివిన వాళ్ళం గదా, అక్షరం ఒకటి వస్తే దాని గుణింతమంతా వచ్చేసినట్టే అనుకున్నాం. "క" నేర్చుకున్న మర్నాడే ఎస్తేరక్క దానికి గుడి పెట్టి "కి", కొమ్ము పెట్టి "కు" అని నేలంతా నింపేసింది. జపానులో ఎవరూ ఎన్నడూ చూడని అక్షరాలవి. వాటికి అసలు గుణింతమే లేదనీ, కి వేరు బొమ్మ, కు వేరు బొమ్మ అనీ తెలిశాక ఆమెకు ఆ దేశం మీద జాలి వేసింది. "రైళ్ళు అంత జోరుగా తోల్తారు, గుడి కనిపెట్టలేకపోయినారా పాపం!" అంది. తడిగుడ్డతో అవన్నీ తుడిచి మళ్ళీ మొదలుపెట్టింది. పట్టికలో అ, ఇ, ఉ వరుస, ఆపైన క వరుస, మ వరుస, య ర వరుసలు మన వర్ణమాల క్రమంలోనే వస్తుంటే మాత్రం "దూరపు చుట్టాలే మనకు" అని మళ్ళీ క్షమించేసింది.

మేము చదివిన మొట్టమొదటి మాట గురించి చెప్పాలి. పుస్తకంలో ఒక మాట ప్రతి పేజీలోనూ వస్తోంది, కానీ దాని అక్షరాలు మా పట్టికలో లేవు. కోణాలు కోణాలుగా ఉన్నాయి. చాలా రోజులు తల బద్దలుకొట్టుకున్నాం. ఆ దేశంలో బయటి మాటలు రాసుకోవడానికి ఇంకొక అక్షరమాల ఉందని తరువాత తెలిసింది. ఆ పట్టిక తెప్పించి, మొదటి అక్షరం నేను చదివాను: "బ". రెండోది ఆమె చదివింది: "సు". ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. "ఓసినీ! బస్సే మే! వాళ్ళకూ బస్సు బస్సేనంట!" అని ఆమె చప్పట్లు కొట్టి, అంత వయసులో గిర్రున ఒక చుట్టు తిరిగింది. ఆ వారమే ఆళ్ళగడ్డకు పోయి నాగలింగాచారి చెవి దగ్గర ఆ మాట అరిచి చెప్పాం. ఆయన ఎంతో గంభీరంగా తల ఊపి "అట్నా. బస్సు యాడికి పోతాదంట?" అన్నాడు.

అది అసలు ప్రశ్న. అప్పటినుంచి మేము వెళ్ళినప్పుడల్లా ఆయన ఉలి పక్కన పెట్టి అదే అడిగేవాడు. "టీచరమ్మా, బస్సు యాడికొచ్చె?"

కథ చిన్నది. తిరిగి తిరిగి అలసిపోయిన ఒక పాత బస్సును పని చాలించమని ఊరి చివర నిలబెట్టేశారు. దాని చక్రాల చుట్టూ గడ్డి మొలిచింది. ఒక తెల్లవారుజామున మంచు పట్టి ఉండగా, బస్సు తనంతట తానే కదిలింది. "సముద్రం చూడాలని ఉంది" అని తనలో అనుకుంది. వాళ్ళ భాషలో సముద్రాన్ని ఉమి అంటారు. మేము పట్టిక చూడకుండా చదివిన మొదటి మాట అదే. ఆ రెండు అక్షరాలూ ఎస్తేరక్క గడప పక్కన మొదటి నాపరాయి మీద రాసుకుంది. వచ్చేపోయే కాళ్ళకు చెరిగిపోతే మర్నాడు మళ్ళీ దిద్దేది.

బస్సు పోతూ పోతూ ఒక పిల్లిని ఎక్కించుకుంది. ఒక ముసలమ్మను ఎక్కించుకుంది. ముసలమ్మ బుట్టలో ఎర్రటి పండ్లు. టమాటాలని మేమిద్దరం ఒట్టు పెట్టి చెప్పగలం. నిఘంటువు మాత్రం అవేవో వాళ్ళ దేశపు పండ్లని, వాటికి నోరు తిరగని ఇంగ్లీషు పేరు ఒకటి చెప్పింది. నాగలింగాచారికి బొమ్మ చూపించి న్యాయం అడిగాం. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని "టమాటాలే" అని తేల్చేశాడు. ఇక అప్పీలు లేదు. మా బస్సులో ముసలమ్మ టమాటాలు పట్టుకునే సముద్రానికి బయలుదేరింది.

ఇక ఆ సీలు పట్టుదల నా ప్రాణం తీసిన సంగతి. బొమ్మల పుస్తకం గదా, పేజీ తిప్పితే చదవకుండానే కథ తెలిసిపోతుంది. అందుకని ఎస్తేరక్క మొదటి రోజే సూదీ దారం తీసుకుని, చదవని పేజీలన్నింటినీ అంచుల దగ్గర వదులు కుట్లతో కుట్టేసింది. "సీలు వేసినా. పేపరు లీకయ్యేది ల్యా ఇంక" అంది. ఒక పేజీ పూర్తిగా చదివి, అర్థం ఇద్దరం ఒప్పుకున్నాకనే తరువాతి కుట్టు కత్తిరించేది. కత్తిరించాక కూడా వెంటనే చదవనిచ్చేది కాదు. "ఉండు, ముందు అమ్మ చూపు చూద్దాం" అనేది. ఆ పేజీని ఒళ్ళో పెట్టుకుని, అక్షరాలను చదవకుండా, చీమల బారుల్లా ఊరికే చూసేది. మొదట్లో చాలాసేపు అలా చూడగలిగేది. అక్షరాలు వచ్చే కొద్దీ ఆ చూపు పొట్టిదైపోయింది. ఒకరోజు పేజీ తెరిచీ తెరవగానే మాట నోట్లోకి వచ్చేసింది. "పాయ మే! చదివేసినా" అని తలవంచుకుంది. సంతోషించాలో ఏడవాలో తెలియక నేను కాఫీ పెట్టడానికి లేచాను.

చెప్పకూడదు గానీ, సోషల్ టీచరుగా ఇన్నేళ్ళు సప్తసముద్రాలు పాఠం చెప్పిన ఎస్తేరక్క సముద్రం చూడలేదు. మ్యాపు పాయింటింగులో తీరం వెంట నీలం పెన్సిలుతో అడ్డగీతలు గీయించడమే ఆమెకు తెలిసిన సముద్రం. "రైలెక్కితే ఒక పూట ప్రయాణం, చీరాలకు పోదాం పద అక్కా" అని నేను ఎన్నిసార్లు అన్నానో. "బస్సు చేరనీ. బస్సు కంటే ముందు నేను చూస్తే అది లీకయినట్లే గదా" అనేది. ఇదేమి తర్కం! ఆ మొండితనం మీద నాకప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే. ఆమె లేదని ఆ కోపాన్ని భక్తిగా మార్చి రాయలేను.

కిందటేడు ఆమెకు గుండె బలహీనపడింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. డాక్టరు చెప్పింది విని వచ్చి, సుద్దముక్క తీసుకుని గడప దగ్గర ఉమి దిద్ది, "పుస్తకం అయ్యేదాకా ఉంటానా లచ్చిమీ?" అని అడిగింది. అలా అడగడం అదొక్కసారే. అప్పటికి కుట్లు కొన్నే మిగిలాయి. "రోజుకు ఒక వాక్యమేంది అక్కా, ఒక పేజీ లాగించేద్దాం" అన్నాను. "పోర్షన్ అయిపోగొట్టేది చదువు గాదు మే" అంది. "బస్సు ఎంత నడిస్తే అంతే మనమూ."

ఆసుపత్రి మంచం మీద కూడా పుస్తకం దిండు కింద ఉండేది. చివరి కుట్టు ఒక్కటే మిగిలింది. దాని ముందు పేజీలో బస్సు ఒక గుట్ట ఎక్కి ఆగి ఉంది, చుట్టూ దట్టమైన మంచు, ఏమీ కనపడదు. వాక్యంలో ఆమెకు షియొ అన్న మాట తెలిసింది, ఉప్పు అని. దాని పక్కన మాట తెలియలేదు. "ఉప్పు పక్కన ఏందో ఉండాది. రేపు చూసుకుని రా" అని నాకు పని పురమాయించింది. నేను ఓర్చుకోలేకపోయాను. "అక్కా, కత్తిరించి చివరి పేజీ చూసేద్దామా? ఈ ఒక్కసారికి" అని బతిమాలాను. ఆమె నవ్వింది. ఆయాసంతో ఒక్కో మాటా ఆగి ఆగి వచ్చింది. "గంట కొట్టలేదు గదా మే. నేను పోతే నువ్వు చదువు. గొణగొద్దు. గట్టిగా చదువు."

మర్నాడు నేను వెతుకుతున్నది ఆ మాటే. పప్పు మాడిన వాసనలో నిలబడి, ఫోను కింద పెట్టి, ఏం చేయాలో తోచక మళ్ళీ నిఘంటువులోకే చూశాను. ఆ మాటకు అర్థం వాసన. మంచులోంచి ఉప్పటి వాసన వస్తోందట. ఎస్తేరక్క అంత దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

పెట్టెలో ఆమె ముఖం ప్రశాంతంగా ఉంది. పూలదండల మధ్య ఆమె మరీ పొట్టిగా కనిపించింది. ఊరు ఊరంతా వచ్చింది. వచ్చిన కాళ్ళన్నీ ఆ నాపరాళ్ళ మీద నడిచాయి. ఎవరూ ఒక్క అక్షరమూ పలకలేదు, ఎవరికి తెలుసు గనుక? సమాధుల తోట నుంచి తిరిగి వచ్చేసరికి ఇల్లు కడిగేశారు. తడి ఆరిన నేల నల్లగా, ఖాళీగా మెరుస్తోంది. గడప పక్కన మొదటి రాయి కూడా. నేను అక్కడ అడుగు పెట్టబోయి, ఆగి, "ఉమి" అనుకుని, అప్పుడే లోపలికి వెళ్ళాను. దేవదానం పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టి "నీకే ఇయ్యమన్యాది లక్ష్మక్కా" అన్నాడు. చివరి కుట్టు అలాగే ఉంది.

పోయినవాళ్ళను తలుచుకుని ఇంటివాళ్ళను ఓదార్చే ఆదరణ కూడిక ఆ ఇంటి ముందే షామియానా వేసి జరిపారు. పాస్టరు గారు వాక్యం చెప్పి, ఎవరైనా ఆమెను గురించి సాక్ష్యం చెబుతారా అని అడిగారు. ఆమె దగ్గర చదివిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. నాగలింగాచారి ఆళ్ళగడ్డ నుంచి వచ్చి, అందరికంటే వెనక, చివరి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒక్క మాటా ఆయనకు వినపడుతున్నట్టు లేదు. నా వంతు వచ్చినప్పుడు రాసుకున్న కాగితం తీయలేదు. పుస్తకం తీశాను. బస్సు కథ చెప్పాను. ఉప్పటి వాసన దాకా చెప్పాను. కత్తెర అడిగి, అందరి ముందూ ఆ చివరి కుట్టు కత్తిరించాను. ఆమె అయితే ముందు అమ్మ చూపు చూసేది. నేనూ అలాగే చూద్దామని, చదవకుండా చూద్దామని, పేజీ మెల్లగా తెరిచాను.

చూడలేకపోయాను. చూసీ చూడగానే చదివేశాను. రెండు పేజీలు నిండా నీలం, ఒక మూల వేలిగోరంత బస్సు, మధ్యలో ఒకే ఒక్క మాట. ఆ మాట ఎస్తేరక్కకు ఎప్పటినుంచో వచ్చు. గడప దగ్గర రోజూ తన చేత్తో దిద్దిన మాటే అది. ఏ కుట్టూ, ఏ నిఘంటువూ అక్కర్లేకుండా, కళ్ళద్దాలు కూడా లేకుండా ఆమె చదవగలిగిన పేజీ, ఆమె సీలు వేసి దాచుకున్న ఆ పేజీ. గొణిగాను. నాకే వినపడలేదు. ఆమె డస్టరు నా వీపు వెనకే పడినట్టయింది. ఊపిరి పీల్చుకుని, ఈసారి గట్టిగా చదివాను.

"ఉమి!"

షామియానా కింద అందరూ తలలెత్తారు. వెనక నుంచి, చివరి కుర్చీలోంచి, నాగలింగాచారి లేచి నిలబడ్డాడు.

"వినపడింద్యమ్మా" అన్నాడు. "చేరిందన్నమాట బస్సు."

ఆ రోజే ఆయన, సమాధి రాయి తానే చెక్కుతానని, కింద ఆ రెండక్షరాలూ పెడతానని చెప్పి, నాతో నాపరాయి మీద సుద్దతో రాయించుకుని, నకలు తీసుకుని పోయాడు. ఆళ్ళగడ్డలో ఇప్పుడు ఆ రాయి చెక్కుతున్నారు. ఎస్తేరక్క లాంటి గురువులు ఈ ఊరికి మళ్ళీ రావచ్చేమో, వస్తే మంచిదే. చదువంతా చెప్పేసిన తరువాత, ఏమీ రాని పిల్లగా మళ్ళీ నేల మీద కూర్చోగల గురువు వస్తుందని మాత్రం నేను నమ్మను. నా పక్క కుర్చీ ఖాళీ అయిపోయింది. నన్ను లచ్చిమీ అని పిలిచే గొంతు ఇక లేదు. ఆ లోటు తీరేది కాదని రాయడానికి సంస్కృతం అక్కర్లేదు.

ఎస్తేరక్కా, మంచు విడిపోయింది. నువ్వు చెప్పినట్టే గట్టిగా చదివినా. బస్సు సముద్రం దగ్గర ఆగి ఉండాది. ఇంక దిగు.